మహేంద్రగిరి ఏ ప్లేటు అంచున ఉంది?

అన్నా, మీ పాప డౌటు సబబైనదే. ప్లేట్లు, అంటే భూమి పైభాగంలో కదిలే పెద్ద రాతి పలకలు, గుద్దుకునే అంచుల్లో కొండలు లేస్తాయని పుస్తకంలో ఉంది, పర్లాకిమిడి చుట్టుపక్కల అంచేదీ లేదు, మరి మహేంద్రగిరి ఎక్కడిది అనే కదా. ఒకప్పుడు ఇక్కడా అంచు ఉండేది. సుమారు 100 కోట్ల ఏళ్ల కింద మన తూర్పు కనుమల నేల, ఇప్పుడు అంటార్కిటికాలో ఉన్న నేల గుద్దుకుని అతుక్కుపోయాయి, చాలా కాలం తర్వాత విడిపోయి మధ్యలోకి సముద్రం వచ్చింది. ఆ గుద్దుడుకి భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాయి, పైనున్నదంతా వానకీ గాలికీ అరిగిపోయాక, ఇప్పుడు మనకి కొండలా కనబడుతోంది.

మా రాయగడ వైపు రోడ్డు కోసం కొండ కొట్టిన చోట ఓ ముక్క తీసి చూస్తే దానిమ్మ గింజల్లా ఎర్రటి చుక్కలుంటాయి, అవి గార్నెట్లు. ఆ రాయి ఖోండలైట్. మన కొండల్లోని ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు, ఈ మాట పాప స్కూలు ప్రాజెక్టులో తప్పక రాయించండి.

హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే, మన ప్లేటు ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఇంకా అటే తోస్తోంది. మహేంద్రగిరికి ఆ తోపుడు ఎప్పుడో ఆగిపోయింది, అందుకే 1,501 మీటర్లే.

ఇంకోటి, పాప చార్టులో ప్లేట్ల కింద లావా సముద్రం గీశారు, అది తప్పు. ప్లేట్ల కింద ఉండే మందపాటి పొర, మాంటిల్, దాదాపు అంతా గట్టి రాయే, కాకపోతే వేడికి మహా నెమ్మదిగా సాగుతుంది. నిజంగా ద్రవంగా ఉండే పొర 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే బాహ్య కేంద్రం, ఆ ఎర్ర రంగేదో అక్కడ వెయ్యమనండి.