ఫ్రీజర్‌లో ఉన్న డబ్బు మీది కాదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటాం. ఒక ప్రైవేటు కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండరుగా ఉన్నప్పుడు టాక్సిడెర్మీ (చనిపోయిన జంతువుల తోలు ఒలిచి, బతికున్నట్టు రూపు తెచ్చి నిలబెట్టే పని) నేర్చుకుని, ఏడేళ్లుగా సొంతంగా చేస్తున్నాను. చనిపోయిన పెంపుడు కుక్కలు, పందెం పుంజులు ఎక్కువగా వస్తాయి. హోటళ్లకు చేపలు, కాలేజీలకు పాత నమూనాల రిపేర్లు కూడా చేస్తాను. పుంజుకు 6,000 తీసుకుంటాను. కుక్కకు 35,000 చెబుతాను గానీ ఏడుస్తూ వచ్చేవాళ్లను చూసి 25,000కే ఒప్పుకున్నవీ ఉన్నాయి. నెలకు 41,000 దాకా పని జరుగుతుంది, చేతిలో ఏమీ మిగలదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో షాపు మునిగి రెండు ఫ్రీజర్లు పోయాయి. అప్పుడు నూటికి 4 రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాను, ఇప్పటికీ వడ్డీ మాత్రమే కడుతున్నాను. ప్రస్తుతం ఫ్రీజర్‌లో నాలుగు కుక్కలు, ఐదు పుంజులు ఉన్నాయి. వాటికి 1,50,000 ముందే తీసుకున్నాను. నా భార్యకు కుట్టుపని మీద నెలకు 8,000 వస్తుంది. ఇంట్లో ఆరు కాసుల బంగారం ఉంది, దాన్ని ముట్టుకోదలచుకోలేదు. పాప ఇంటర్ చదువుతోంది. ధరలు 20 శాతం పెంచితే సరిపోతుందా? అసలు ఈ పనికి న్యాయమైన ధర ఎలా కట్టాలి? అదే మనిషి దగ్గర ఇంకో 3 లక్షలు తెచ్చి మెయిన్ రోడ్డు మీద షోరూం పెట్టాలని ఉంది. ఒకాయన నెమలి చేసిపెడితే 40,000 ఇస్తానంటున్నాడు. నెలవారీ ఖర్చులూ, పనుల వివరాలూ జత చేశాను.

జవాబు: ముందు ఆ 3 లక్షల సంగతి. వద్దు. 2015లో కాల్ మనీ (అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం బయటపడి రాష్ట్రమంతా మారుమోగిన ఊళ్లో ఉంటూ, 4 రూపాయల వడ్డీకి షోరూం అంటున్నారు. నెలకు నూటికి నాలుగంటే ఏడాదికి 48 శాతం. మీరు కడుతున్న వడ్డీయే సంవత్సరానికి 96,000. అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ పక్కన ఇంకో 3 లక్షలు చేరిస్తే నెలకు 20,000 వడ్డీ కట్టాలి. మెటీరియల్ కాక మీ షాపు ఖర్చే అంత లేదు. దీని గురించి ఇంతకంటే మాట్లాడను.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. టైలర్లు, ఫర్నిచర్ చేసేవాళ్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ముందు డబ్బు తీసుకుని తర్వాత పని చేసే అందరూ చేసే పొరపాటే మీరూ చేశారు. అడ్వాన్సును ఆదాయం అనుకున్నారు.

మీరు పంపిన కాగితం తీసి లెక్క వేద్దాం. నెలకు 41,000 పని. అందులో గాజు కళ్లు, ఫోమ్, తీగ, బోరాక్స్, పటిక, రంగులు, చెక్క పీటలు అన్నీ కలిపి 10,200. అద్దె 7,000, కరెంటు 3,500, పెట్రోలూ ఫోనూ 2,500, బ్లేడ్లూ పనిముట్లూ 1,500. వెంట్రుకలు ఊడిపోయి, తోలు చిరిగి మధ్యలో పాడయ్యే పనులకు ఇంకో 1,500 నేను కలిపాను, మీరు వదిలేశారు. అంటే షాపు ఖర్చు 16,000. వడ్డీ 8,000. ఇవన్నీ పోగా మీకు మిగిలేది 6,800. మీ ఆవిడ సంపాదన కలిపితే 14,800. ఇంటి ఖర్చు 25,000 అని మీరే రాశారు. నెలకు 10,200 తక్కువ పడుతోంది.

మరి ఇన్నాళ్లూ ఇల్లెలా గడిచింది? కొత్త కస్టమరు ఇచ్చిన అడ్వాన్సుతో. వరద తర్వాతి పదిహేను నెలల లోటు లెక్క కడితే 1,53,000 వస్తుంది. మీ ఫ్రీజర్‌లో ఉన్న తొమ్మిది పనులకు మీరు తీసుకున్నది 1,50,000. రెండు అంకెలూ ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం కాదు. కుక్కకు 70 గంటలు, పుంజుకు 14 గంటలు పడుతుందని మీరే రాశారు కాబట్టి ఆ తొమ్మిదింటికి 350 గంటలు పని ఉంది. మూడు నెలలకు పైగా చాకిరీ. దాని కూలి మీరు ఇప్పటికే ఖర్చు పెట్టేశారు. పైగా వాటికి ఇంకా 43,000 మెటీరియల్ కొనాలి. ఆ డబ్బు ఎక్కడుంది?

ఇప్పుడు ధర. ఈ పనిలో పక్క షాపు చూసి రేటు పెట్టే వీలు మీకు లేదు. మైసూరులో వాన్ ఇంగెన్ వాళ్లు దాదాపు ఒక శతాబ్దం నడిపిన పెద్ద కార్ఖానా కూడా 1999లో మూతపడింది. ముంబైలో సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో ఉన్న టాక్సిడెర్మీ కేంద్రం అటవీ శాఖది, దాని లెక్కలు మనకు పనికిరావు. కాబట్టి మీ గంట ఖరీదు మీరే కట్టుకోవాలి.

నెలకు పాతిక రోజులు, రోజుకు ఎనిమిది గంటలు షాపులో ఉన్నా, చేతిలో కత్తో కుంచో పట్టుకుని ఉండేది 110 గంటలకు మించదు. మిగతాదంతా కళేబరం తేవడానికి వెళ్లడం, ఫోన్లు, సామాను కొనడం, ఆరబెట్టినదాన్ని తిప్పిచూడటం. ఈ 110 గంటల మీదే అన్నీ రావాలి. షాపు ఖర్చు 16,000. మీ జీతం 25,000. అవును, జీతమే. "మిగిలింది నాది" అనే పద్ధతి మానేయండి. ఎమర్జెన్సీ ఫండుకు 6,000, ఇన్సూరెన్సులకు 2,000. మొత్తం 49,000. గంటకు 445 వస్తుంది, 450 అనుకోండి. మెటీరియల్ దీనికి అదనం.

పుంజుకు 14 గంటలంటే 6,300, మెటీరియల్ 1,400, మొత్తం 7,700. కుక్కకు 31,500, మెటీరియల్ 9,000, మొత్తం 40,500. మీరు సగటున 30,000కు చేస్తున్నారు.

పుంజు "రెండు రోజుల పనే కదా" అని మీ ఉత్తరంలో ఒకచోట తేలిగ్గా రాశారు. ఆ రెండు రోజుల్లో ఏం జరుగుతుందో కస్టమరుకు తెలియదు. తోలు ఒలిచి, కొవ్వు గీకి, ఈకలు సబ్బునీళ్లలో కడిగి, లోపలి నూగు మళ్లీ పొంగేదాకా బ్లోయర్ పట్టుకుని కూర్చోవాలి. తల మీది తురాయి, గడ్డం కింద వేలాడే ఎర్ర తోలు ఆరేకొద్దీ ముడుచుకుపోయి నల్లబడతాయి. వాటిని మళ్లీ నింపి, రూపు తెచ్చి, పొర మీద పొర రంగు వేస్తే తప్ప ఆ పుంజు బతికున్నట్టు కనపడదు. తురాయికే మూడు గంటలు పడుతుందని మీ పనుల కాగితంలో ఉంది. మరి ఆ మూడు గంటలు ధరలో ఎందుకు లేవు? పుంజుకు బాదం, జీడిపప్పు పెట్టి మేపిన మనిషి ఇంకో 1,700 దగ్గర వెనక్కి పోడు.

అయితే మీకు పెద్ద నష్టం పుంజుల్లో కాదు. మెటీరియల్ తీసేస్తే పుంజు మీద గంటకు 329, కుక్క మీద 300 వస్తున్నాయి. చేపలూ కాలేజీ రిపేర్లూ కలిపి నెలకు 30 గంటలు చేసి 8,000 తెస్తున్నారు, మెటీరియల్ పోగా గంటకు 217. అన్నిటికంటే చవగ్గా చేస్తున్నది అన్నిటికంటే ప్రమాదమైన పని. పాత నమూనాల్లో పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవాళ్లు. దశాబ్దాల నాటి పిట్టను దులిపేటప్పుడు లేచే దుమ్ములో అది ఉండొచ్చు. మాస్కు, గ్లవుజులు లేకుండా ముట్టుకోకండి, వాటి ఖర్చు కూడా వేసి, ఆ రిపేర్లకు గంటకు 450 ఇస్తేనే చేయండి. కాలేజీవాళ్లు మీ పాత పరిచయస్తులు కాబట్టి మొహమాటం ఉంటుంది. బిల్లు పాస్ చేసే ప్రిన్సిపాల్‌కు ఆ మొహమాటం ఉండదు, కొటేషన్ కాగితం మీద ఇవ్వండి.

మీరు పెంచుదామనుకున్న 20 శాతం వల్ల నెలకు 8,200 ఎక్కువ వస్తుంది. మీ వడ్డీ 8,000. రెండు వందలు మీకు, మిగతాదంతా అప్పిచ్చినాయనకు. నా లెక్కలో వడ్డీని ధరలో కలపకపోవడం మీరు గమనించే ఉంటారు. కావాలనే కలపలేదు. మీ అప్పు ఖర్చు కుక్క పోయి ఏడుస్తున్న మనిషి మోయాల్సిన పని లేదు. దాన్ని వేరే దారిలో తీర్చాలి.

ఆ దారి మీ ఇంట్లోనే ఉంది, మీరు ముట్టుకోనన్న బంగారం. బీరువాలో బంగారం పెట్టుకుని 48 శాతం వడ్డీ కట్టడం సెంటిమెంటు కాదు, చేజేతులా చేసుకునే నష్టం. మీ ఆవిడతో మాట్లాడి, ఆమె ఒప్పుకుంటేనే, బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకోండి. ఇప్పటి ధరకు ఆరు కాసులూ పెట్టక్కర్లేదు. 2,50,000 తీసుకుని 2 లక్షలతో ఆ బాకీ ఒక్కసారే తీర్చేసి, ప్రామిసరీ నోటూ ఖాళీ చెక్కులూ ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. మిగతా 50,000లో 43,000 మెటీరియల్‌కు. ఏడాదికి 10 శాతం అనుకున్నా నెలకు వడ్డీ 2,100 లోపే. మీ ఆవిడ 8,000 మొత్తం దీనికే కడితే మూడేళ్లకు నగలు ఇంటికొస్తాయి. కొన్నాళ్ల తర్వాత నిజంగా మెషినరీ కావాలంటే ముద్ర లోన్ ఉంది. డ్వాక్రా సంఘంలో ఉంటే అదీ అడగొచ్చు. ఇప్పుడు మాత్రం కొత్త అప్పు ఏదీ వద్దు.

ఇక ఎమర్జెన్సీ ఫండు. ధరలో 6,000 దీనికి ఎందుకు పెట్టానో చెబుతాను. 2024లో మిమ్మల్ని ముంచింది బుడమేరు ఒక్కటే కాదు. ఆ రోజు మీ చేతిలో రెండు ఫ్రీజర్ల డబ్బు ఉండి ఉంటే 4 రూపాయల వడ్డీ మనిషి గుమ్మం తొక్కేవాళ్లు కాదు. నీళ్లు కొన్ని రోజుల్లో తీశాయి, వడ్డీ ఇంకా తీయలేదు. పైగా మీ వృత్తిలో పాడైతే డబ్బు తిరిగిచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు. బట్ట చిరిగితే టైలరు ఇంకో బట్ట కొనిస్తాడు. పన్నెండేళ్లు పెంచుకున్న లాబ్రడార్‌ను మీరెక్కడ తెచ్చిస్తారు? మే నెల విజయవాడ ఎండలో కరెంటు పోయి ఫ్రీజర్ కరిగితే తోలు జారిపోతుంది, ఇక ఎవరూ బాగుచేయలేరు.

కాబట్టి మొదటి లక్ష్యం 50,000. అది చేరగానే ఫ్రీజర్‌ను ఎంతసేపైనా నడిపే చిన్న జనరేటర్ కొనండి, మళ్లీ ఆ గుంట నింపండి. ఆ తర్వాత షాపు ఖర్చు, ఇంటి ఖర్చు కలిపి ఆరు నెలలకు, అంటే 2,46,000 దాకా పోగు చేయండి. సంక్రాంతి తర్వాత పుంజులు ఒక్కసారిగా వచ్చి తర్వాత నెలలు ఖాళీగా ఉండే పని మీది, మూడు నెలల ఫండు చాలదు. వేరే బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరిచి, కొంత చేరాక ఎఫ్‌డీలో వేయండి, ఆ ఖాతాకు ఫోన్‌పే కలపకండి. చీటీ వేయొద్దు. అవసరం వచ్చిన నెలలో పాట మీకే వస్తుందన్న గ్యారంటీ లేదు. వీలైతే పై అంతస్తులో గది చూసుకుని ఫ్రీజర్ అక్కడ పెట్టండి. షోరూం కంటే అది ముందు.

ఇన్సూరెన్సుకు పెట్టిన 2,000 చిన్న మొత్తమే. షాపుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ అడగండి, వరదకు వర్తిస్తుంది. ఫ్రీజర్‌లో ఉన్నవి కస్టమర్ల వస్తువులని రాయించండి. కరెంటు పోయి పాడైతే వస్తుందో రాదో సంతకానికి ముందే కాగితం మీద తేల్చుకోండి. టర్మ్ పాలసీ, ఫ్యామిలీ హెల్త్ పాలసీ తప్పనిసరి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా చేయించుకోండి. రోజంతా స్కాల్పెల్ పట్టుకునే చేయి మీది.

అడ్వాన్సు పద్ధతి మార్చండి. ఒప్పుకున్నప్పుడు 40 శాతం, తోలు పదును పెట్టి ఫోమ్ మీదికి ఎక్కించి ఫొటో పంపాక 30 శాతం, తీసుకెళ్లేటప్పుడు 30 శాతం. కుక్క పోయిన వారం ఉన్న దుఃఖం ఆరు నెలల తర్వాత ఉండదు. కొందరు తీసుకెళ్లడానికే రారు. అందుకే మొదటి రెండు వాయిదాల్లోనే మీ ఖర్చు రావాలి. పని అయ్యాక నెల దాటితే నిల్వ చార్జీ అని రశీదు మీద ముందే అచ్చేయించండి. మొహం చూసి ధర తగ్గించకండి, పని తగ్గించండి. 40,500 పెట్టుకోలేనివాళ్లకు కుక్క పాదం అచ్చు తీసి కాలర్‌తో పాటు ఫ్రేము కట్టివ్వండి. పుంజు అయితే మెడ ఈకలూ తోక ఈకలూ చెక్క మీద అమర్చి ఇవ్వొచ్చు. వాటికీ గంటకు 450 లెక్కే.

నెమలి సంగతి. దానికి ధర లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో అది మొదటి షెడ్యూలులో ఉంది. మూడేళ్లకు తగ్గని జైలు. లైసెన్సు లేకుండా అడవి జంతువుల టాక్సిడెర్మీ వ్యాపారమే నేరం. రామచిలుక, గుడ్లగూబ, ముంగిస ఎవరు తెచ్చినా గుమ్మంలోనే ఆపేయండి. "దానంతట అదే చచ్చింది" అనే మాట ఫారెస్టువాళ్ల దగ్గర చెల్లదు. ఆయనకు ఫోన్ చేసి చేయనని చెప్పేయండి. వాట్సాప్‌లో బేరం సాగనివ్వకండి.

ఆ తొమ్మిది పాత పనులకు కొత్త రేటు అడగకండి, మాట మాటే. ఈ ఏడాది ఆదివారాలు వాటికి ఇవ్వండి. వారానికి ఎనిమిది గంటలు వేసుకుంటే 350 గంటలు దాదాపు పది నెలల్లో అవుతాయి. ఎవరి పని ఏ నెలలో ఇస్తారో ఈ వారమే ఫోన్ చేసి చెప్పండి, ఎక్కువ రోజులుగా ఎదురుచూస్తున్న వాళ్లది ముందు తీయండి.