పిడుదులు అడవివా, పాకవా?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లాలో నల్లమల అంచున ఉన్న పల్లె. మూడు సంకర జెర్సీ ఆవులు, నాలుగు నాటు పశువులు, రెండు గేదెలు ఉండేవి. అడవి పక్క బీళ్లలో మేపుతాం. పోయిన నెల ఒక జెర్సీ ఆవు తీవ్రమైన జ్వరంతో, భుజం ముందు గడ్డలు వాచి చనిపోయింది. పిడుదుల వల్ల వచ్చే థైలేరియా అన్నారు. మందు కొట్టినా పది రోజులకే మళ్లీ పడుతున్నాయి. దుప్పులు, అడవి పందులే తెస్తున్నాయని ఊళ్లో అంటున్నారు. కంచె వేస్తే ఆగుతాయా? మనుషులకూ ఈ జబ్బు అంటుతుందా?

జవాబు: ఊళ్లో అనేది సగమే నిజం. అడవి జంతువులు పిడుదుల్ని పోషిస్తాయి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తాయి. మీ ఆవును చంపిన జబ్బు మాత్రం చాలావరకు మరో పశువు నుంచే వచ్చి ఉంటుంది.

థైలేరియాను మోసే పిడుదు పేరు హయలోమా. దీని పిల్లలు కుందేళ్లు, ఎలుకల వంటి చిన్న జంతువుల రక్తం తాగి కూడా బతకగలవు. కానీ థైలేరియా క్రిమి ఈ పిడుదు గుడ్లలోకి పోదు. జబ్బున్న ఆవు రక్తమో, పైకి ఆరోగ్యంగా కనిపించే గేదె రక్తమో తాగిన పిల్ల పిడుదు పెరిగి, తర్వాతి దశలో ఇంకో ఆవును కుడితేనే జబ్బు అంటుతుంది. కుందేలు మీద మాత్రమే తాగిన పిడుదు మీ ఆవుకు ఈ క్రిమిని ఇవ్వలేదు. మీ రెండు గేదెల్నీ నాటు పశువుల్నీ ముందు అనుమానించాలి. ఒకసారి కోలుకున్న పశువు ఒంట్లో ఈ క్రిమి ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

కాఫీ రంగు మూత్రం పోసే జబ్బు, బెబీసియా, దీనికి తేడా. దాన్ని మోసే పిడుదు జీవితమంతా ఒకే పశువు మీద గడిపి, కడుపునిండాక నేలరాలి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. ఈ క్రిమి గుడ్ల ద్వారా పిల్లలకూ పోతుంది. ఆవుకు బదులు దుప్పి దొరికితే దాని మీదా బతికేస్తుంది కాబట్టి ఇక్కడ అడవి పాత్ర పెద్దది. అమెరికాలో 1906లో మొదలుపెట్టి 1943 నాటికి ఈ పిడుదును దాదాపు తుడిచేశారు. టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దు పట్టీలో మాత్రం ఇప్పటికీ తంటా పడుతున్నారు. అక్కడ దాన్ని నిలబెడుతున్నవి తెల్లతోక జింకలు, ఇంకా మన దేశం నుంచి తీసుకెళ్లి వదిలిన మనుబోతులు! అంత డబ్బున్న దేశానికే కంచెలతో పని కాలేదు. మీరు ఆ ఖర్చు పెట్టుకోవద్దు. ఉచ్చులు పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే మానిపించండి, అది నేరం.

మందు కొట్టినా తిరిగి రావడానికి మొదటి కారణం పాకే. హయలోమా గోడ పగుళ్లలో, గాడి కింద దాక్కుని పొరలు విడుస్తుంది. ఒంటి మీద కనిపించేవి కొన్నే. పగుళ్లు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నం కొట్టండి. ఇటుక గోడలైతే ఫ్లేమ్ గన్‌తో కాల్చవచ్చు, బోద కప్పున్న పాకలో మాత్రం నిప్పు వద్దు. 12.5 శాతం అమిట్రాజ్ అనే పిడుదుల మందును లీటరు నీటికి 2 మి.లీ. కలిపి, తొమ్మిది పశువుల్లో మిగిలిన ఎనిమిదింటికీ ఒకే రోజు కొట్టండి. జెర్సీలకే కొట్టి నాటువి వదిలేస్తే లాభం లేదు. ముందు నీళ్లు తాగించండి, పాలు పితికాకే కొట్టండి. చెవుల లోపలి అంచు, గంగడోలు, తోక కింద తడవాలి. రెండు మూడు వారాలకోసారి మళ్లీ కొట్టాలి. చేత్తో పీకినవాటిని పక్కన పారేస్తే అక్కడే గుడ్లు పెడతాయి, కిరోసిన్ డబ్బాలో వేయండి.

బీటికి తోలడం మానలేకపోతే నాటు పశువుల్నే తోలండి, జెర్సీలకు పాకలోనే మేత కోసి వేయండి. దుప్పులు నీళ్లకు దిగే కుంట గట్టున మధ్యాహ్నం మందను పడుకోబెట్టవద్దు. నిండిన పిడుదులు రాలేది, గుడ్లు పగిలి పిల్లలు గడ్డికొసలకెక్కి కాచుకునేది అలాంటిచోటే.

మనుషుల విషయం: ఈ థైలేరియా మనకు అంటదు. పిడుదుల వల్ల మనుషులకొచ్చే కోతిజ్వరం కర్ణాటక శివమొగ్గ జిల్లాలో 1957లో బయటపడింది. విచిత్రమేమంటే, ఆ జబ్బు పశువులకు రాదు. అయినా ఆ పిడుదులు పెద్దయ్యాక ముఖ్యంగా పశువుల రక్తం మీదే పెరుగుతాయి. అంటే అక్కడ అడవిలో పిడుదుల్ని పెంచుతున్నది మేతకెళ్లిన మందలే. మీ వైపు అడవిలో కోతులు వరుసగా చనిపోతే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి.

ఈ వారంలోనే మిగిలిన రెండు జెర్సీలకూ గేదెలకూ రక్త పరీక్ష చేయించండి. జ్వరం 104 డిగ్రీలు దాటితే ఆగవద్దు. బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ మొదటి రోజుల్లో పడితేనే ఆవు దక్కుతుంది, మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే థైలేరియా టీకా రక్షావ్యాక్-టిని రెండు నెలలు దాటిన సంకర దూడల నుంచి వేయవచ్చు. ఇది ద్రవ నత్రజనిలో నిల్వ ఉంచాల్సిన టీకా, మందుల షాపులో దొరకదు. ఊళ్లో జెర్సీలున్న నలుగురైదుగురు కలిసి పశువైద్యశాలలో ముందుగా చెప్పి తెప్పించుకోండి. చూడి ఆవులుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.