ముందు రంగు చూడు, తర్వాత అంకెలు

చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

కండరాల్లో ఆక్సిజన్‌ని దాచుకునే ఎర్ర ప్రోటీన్ మయోగ్లోబిన్ మీద పీహెచ్‌డీ మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్లు ఆ ఎర్రటి నీళ్లతోనే గడిపినదాన్ని, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

కణజాలం ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడు. సులువుగా దొరుకుతుందని కోడి రొమ్ము మాంసం తీసుకోకు, అందులో మయోగ్లోబిన్ చాలా తక్కువ. మయోగ్లోబిన్ ఆకారాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త కెండ్రూ స్పెర్మ్ తిమింగలం కండరంతో పని చేసింది ఊరికే కాదు. అందులో ఈ ప్రోటీన్ పుష్కలంగా ఉంటుంది, స్ఫటికాలు బాగా కడతాయి. 1958లో ఆయన దాని ఆకారాన్ని తొలిసారి చూపించాడు, 1962లో హిమోగ్లోబిన్ మీద పని చేసిన పెరుట్జ్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. మనకి మేక గుండెకాయ చాలు.

ఇక రంగు సంగతి. మయోగ్లోబిన్‌లోని ఇనుము ఫెర్రస్‌గా ఉంటేనే ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రిక్ అయిందా, ఇక పట్టుకోదు. దాన్నే మెట్‌మయోగ్లోబిన్ అంటాం. పొద్దున కోసిన మాంసం సాయంత్రానికి గోధుమ రంగుకి తిరగడం చూశావుగా, అదే ఇది. నేను చేరిన కొత్తలో తెల్లారకుండానే కొట్టుకెళ్లి గుండెకాయలు తెచ్చి, ఐస్ మీద సన్నగా తరిగి, బఫర్‌లో, అంటే పీహెచ్ మారనివ్వని ద్రావణంలో, రుబ్బి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేదాన్ని. బీకరులో దానిమ్మ రసంలా నిగనిగలాడేది. ఒకరోజు అలసిపోయి దాన్ని బల్ల మీదే వదిలేసి ఇంటికెళ్లాను. మర్నాటికి టీ డికాషన్ రంగు వచ్చింది. కళ్లారా చూసి కూడా పట్టించుకోలేదు. ఆ శాంపిల్‌తోనే మూడు వారాలు కొట్టుకున్నాను. మీటర్ పాడైందేమో, బఫర్ తప్పేమో అని ఒకటే టెన్షన్. చివరికి స్పెక్ట్రం, అంటే ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫ్, తీస్తే 543, 581 నానోమీటర్ల దగ్గర నిలబడాల్సిన జంట శిఖరాలు అణిగిపోయి, 630 దగ్గర చిన్న మూపురం లేచి ఉంది. అంటే అదంతా మెట్‌మయోగ్లోబిన్ అయిపోయింది.

అందుకే ప్రయోగానికి ముందొకసారి, తర్వాతొకసారి స్పెక్ట్రం తీసి నోట్‌బుక్‌లో అంటించు. ప్రోటీన్‌ని 4 డిగ్రీల దగ్గరే ఉంచు, పీహెచ్ ఆమ్లం వైపు జారనివ్వకు. మెట్ అయిపోతే డైథయోనైట్ అనే రసాయనంతో మళ్లీ ఫెర్రస్ చేయొచ్చు. అయితే అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి ప్రోటీన్‌ని పాడుచేస్తుంది. పని కాగానే చిన్న జెల్ కాలమ్ (జెల్ పూసలు నింపిన గొట్టం) మీద వడపోసి దాన్ని తీసెయ్.

తర్వాత నెత్తురు. కణజాలంలో మిగిలిన రక్తంలోని హిమోగ్లోబిన్ నీ శాంపిల్‌లో కలిసిపోతుంది. స్పెక్ట్రంలో హిమోగ్లోబిన్, మయోగ్లోబిన్ దాదాపు అక్కచెల్లెళ్లే, చూపుతో విడదీయలేవు. బరువులో మాత్రం హిమోగ్లోబిన్ సుమారు 64 కిలోడాల్టన్లు, మయోగ్లోబిన్ 17. జెల్ ఫిల్ట్రేషన్‌లో హిమోగ్లోబిన్ పట్టీ ముందు దిగుతుంది, మయోగ్లోబిన్ పట్టీ నింపాదిగా వెనక వస్తుంది. ఒక్క ఎర్ర పట్టీ రెండుగా చీలి, మధ్యలో తెల్లటి జెల్ తేలడం చూశాక నీకే ఈ పని మీద ప్రేమ పుడుతుంది. రేపు నువ్వు న్యూరోగ్లోబిన్ (2000లో బయటపడ్డ, మెదడులో ఉండే ఇలాంటి ప్రోటీన్) వైపు వెళ్తే ఇంకా జాగ్రత్త. మెదడులో అది ఉండేదే కొంచెం, మిగిలిపోయిన కాస్త రక్తం దాన్ని ముంచేస్తుంది. ఎలుకకి మత్తిచ్చి, కాలేయం పాలిపోయేదాకా సెలైన్‌తో రక్తనాళాలు కడిగాకే మెదడు తియ్యి. న్యూరోగ్లోబిన్‌ని గుర్తించడానికి వాడే యాంటీబాడీని, ఆ ప్రోటీన్ జన్యువు తీసేసిన ఎలుక కణజాలం మీద పరీక్షించకుండా నమ్మకు.

ఆక్సిజన్ పట్టు కొలిచేటప్పుడు మూత తెరిచిన క్యువెట్ (స్పెక్ట్రం తీసే చిన్న గాజు పాత్ర) పనికిరాదు. మన హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో సగం నిండడానికి దాదాపు 26 మిల్లీమీటర్ల (పాదరసం) ఆక్సిజన్ పీడనం కావాలి, మయోగ్లోబిన్‌కి రెండు మూడు చాలు. గాలిలో ఉన్నది 159. సూది గుచ్చిన రబ్బరు మూత కాస్త వదులైనా నీ గ్రాఫ్ అబద్ధమే. ఉష్ణోగ్రత కూడా పక్కనే రాసుకో.

1998లో మయోగ్లోబిన్ లేని ఎలుకలు మామూలుగానే బతికాయని చదివి, అయితే ఇదంతా దేనికని నువ్వు దిగులుపడతావేమో. ఆ లోటుని పూడ్చడానికి గుండెలో సన్న రక్తనాళాలు పెరిగాయనీ, రక్తప్రవాహం ఎక్కువైందనీ తర్వాత తేలింది. శరీరం అంత ఖర్చు పెట్టి సర్దుకుందంటే ఆ ప్రోటీన్ పని చిన్నదా? అక్కడ నీకు బోలెడు ప్రశ్నలున్నాయి.

మొదటి స్పెక్ట్రం రాగానే 500 నుంచి 700 వరకు ఉన్న ముక్క ఫోటో తీసి పంపు. పక్కనే ట్యూబ్ ఫోటో కూడా, పగటి వెలుతురులో తీసింది.

మీ పెద్దమ్మ