సువా వెళ్లేవారు ‘ఉత్తర ఆర్కాడు’ అని వెతకాలి

ప్రశ్న: నేను, మా వారు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి చంద్రగిరిలో ఉంటున్నాము. ఆక్లాండ్‌లో ఉన్న మా అమ్మాయిని చూసి తిరిగి వచ్చేటప్పుడు ఫిజీ రాజధాని సువాలో ఐదు రోజులు ఉండాలని అనుకుంటున్నాము. మా జేజినాయనకు చిన్నాయన అయిన ఒకాయన 1908 ప్రాంతంలో మద్రాసులో కూలి ఓడ ఎక్కి ఫిజీకి పోయి, మళ్లీ రాలేదని మా జేజి చెబుతుండేది. ఆయన ఆనవాలు దొరుకుతుందా? సువాలో వాన తప్ప చూడడానికేమీ లేదు, పడమటి తీరంలోని నాందీ వైపు దీవులకు వెళ్లండని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: అమ్మా, మీరు సువాకే వెళ్లండి. తెల్లటి ఇసుక, నీలి సముద్రం కావాలనుకునేవారికి నాందీ వైపు దీవులే మేలు, కానీ మీరు వెతుకుతున్నది సువాలోనే ఉంది.

గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద 1879 నుంచి 1916 వరకు అరవై వేల మందికి పైగా భారతీయులు ఫిజీకి వెళ్లారు. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే బయలుదేరేవి. మద్రాసు నుంచి 1903లో మొదలయ్యాయి కనుక, మీ జేజి చెప్పిన కాలం సరిగ్గా సరిపోతుంది. ఓడ ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఒక ఎమిగ్రేషన్ పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, జిల్లా, ఊరు అందులో ఉంటాయి. ఆ పాసులు సువాలోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఫిజీలో ఉన్నాయి.

ఇక్కడ ఒక్క సంగతి మీరు తప్పక గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. అందుచేత 1908 పాసులో చిత్తూరు జిల్లా అని వెతికితే మీకు ఏమీ కనిపించదు, ఉత్తర ఆర్కాడు అనే వెతకాలి. (మదనపల్లె, వాయల్పాడు వైపు వారైతే కడప జిల్లా కింద చూడాలి.) పేర్లను దొరల కచేరీ గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు కనుక, ఆయన పేరును, ఆయన తండ్రి పేరును, ఊరి పేరును నాలుగైదు రకాల స్పెల్లింగులతో ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. వెళ్లేముందు ఆర్కైవ్స్ వారికి ఈమెయిల్ రాస్తే వెళ్లిన రోజు పని తేలికవుతుంది. అది ప్రభుత్వ కార్యాలయం కాబట్టి మీ ఐదు రోజుల్లో కనీసం మూడు పని దినాలు ఉండేలా టికెట్లు తీసుకోండి. ఆదివారం ఆ ఊరు దాదాపు మూతపడి ఉంటుంది.

ఆ తర్వాత థర్స్టన్ ఉద్యానవనంలో ఉన్న ఫిజీ మ్యూజియం చూడండి. బౌంటీ అనే ప్రసిద్ధ ఓడ చుక్కాని, ఫిజీ వారి జంట పడవ అక్కడ ఉన్నాయి. అయితే మీ కాళ్లు ఎక్కువసేపు నిలిచేది గిర్మిట్ కూలీల వస్తువుల దగ్గరేనని నాకు తెలుసు. సువా తీరానికి దగ్గరలో నుకులావు అనే చిన్న దీవి ఉంది. ఓడ దిగిన కూలీలను ముందుగా అక్కడే క్వారంటైన్‌లో ఉంచేవారు. మీ పెద్దాయన ఫిజీ నేల మీద మొదటిసారి కాలు పెట్టింది బహుశా ఆ దీవిలోనే.

సువా మార్కెట్‌కు మాత్రం ఒక పొద్దుటి పూట మొత్తం కేటాయించండి. బస్టాండు పక్కనే ఉంటుంది. కింది అంతస్తులో చేమదుంపలు, కర్రపెండలం, బెండకాయలు, మునక్కాయలు తూకం వేయకుండా కుప్పలుగా పోసి, కుప్ప ఇంత అని అమ్ముతారు. నేను వెళ్లిన రోజు ఒక ముసలావిడ కరివేపాకు కట్టలకు నీళ్లు చిలకరిస్తూ కూర్చుని ఉంది. ఆ వాసనకు నేను తిరుపతిలోనే ఉన్నానా అనిపించింది. తెలుగులో పలకరిస్తే నవ్వి, ఫిజీ హిందీలో బదులిచ్చింది. వాళ్ల అవ్వ మాట్లాడేదట, తనకు రాదట. అక్కడి తెలుగు సంతతిలో చాలామంది పరిస్థితి ఇదే కనుక, భాష రాలేదని నొచ్చుకోకండి. పూజలు, పేర్లు, వంటలు నిలిచాయి, దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం కూడా ఉంది. పై అంతస్తులో యంగోనా (కావా) అనే మొక్క వేళ్లను కట్టలు కట్టి అమ్ముతారు. ఎవరి ఇంటికైనా పిలిస్తే ఆ వేళ్ల పొడిని నీళ్లలో పిసికి కొబ్బరి చిప్పలో అందిస్తారు. మట్టి రుచి ఉంటుంది, నాలుక కాస్త తిమ్మిరెక్కుతుంది. ఒకసారి చప్పట్లు కొట్టి, ‘బులా’ (మన నమస్కారం లాంటి పలకరింపు) అని అందుకుని, గుక్కలో తాగి మళ్లీ మూడుసార్లు చప్పట్లు కొట్టడం అక్కడి మర్యాద.

విమానం నాందీలో దిగుతుంది. సువా అక్కడికి దాదాపు 190 కిలోమీటర్లు. క్వీన్స్ రోడ్డు మీద బస్సులో నాలుగు గంటలు పడుతుంది. పగటి బస్సే ఎక్కండి, దారిలో చాలాచోట్ల సముద్రం కనిపిస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు నాలుగు నెలల లోపు సందర్శనకు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు, తిరుగు టికెట్ చూపాలి.

ప్రశ్న: ఆగస్టులో సువా వెళ్తున్నాను. అది పొడి కాలమే కదా, గొడుగు అవసరమా? అక్కడి మిత్రులకు తిరుమల లడ్డు తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: గొడుగు తప్పనిసరి. తుఫానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకే అయినా, ఆగ్నేయ గాలులు నేరుగా సువా వెనక కొండలను తాకడం వల్ల అక్కడ ఏడాది పొడవునా వాన పడుతుంది. సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్లు, అంటే మన వైపు కురిసేదానికి దాదాపు మూడింతలు. కొండల అవతల ఉన్న నాందీ మాత్రం అదే రోజు పొడిగా ఉండవచ్చు.

లడ్డు నేతితో చేసినది కనుక, విమానాశ్రయంలో ఇచ్చే కాగితంలో ఆహార పదార్థం అని తప్పక రాసి, అధికారికి చూపండి. వారు అనుమతిస్తే సంతోషం, వద్దంటే వాదించకుండా అప్పగించండి. పచ్చి కరివేపాకు, విత్తనాలు మాత్రం అసలు పెట్టుకోవద్దు. కరివేపాకు సువా మార్కెట్‌లోనే దొరుకుతుంది.