కూడలి మారుస్తున్నారట, మంచిదేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రోడ్ల కూడళ్ల గురించే ఉన్నాయి, అందుకని శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాను. రోడ్డుకు ఎడమ పక్కన బండి నడిపే చోట్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. అంటే ఇక్కడ ఇబ్బంది పెట్టేది కుడి మలుపు.

ప్రశ్న: మా ఇంటి దగ్గర నాలుగు రోడ్ల కూడలి ఉంది. సాయంత్రమైతే మూడు సార్లు గ్రీన్ పడితే గానీ దాటలేం. ఇప్పుడు దాన్ని మార్చడానికి ప్లాన్ వేశారు. ఫుట్‌పాత్‌లు తగ్గించి నాలుగు వైపులా ఒక్కో లేన్ పెంచుతారట. లేన్లు పెరిగితే రద్దీ తగ్గాలి కదా? అందరూ అదే అంటున్నారు, నాకే ఎందుకో నమ్మకం కుదరడం లేదు.

జవాబు: మీ అనుమానంలో పస ఉంది. లేన్ పెంచితే ఉపయోగం ఉండదని నేను అనను, ఉంటుంది. కానీ సిగ్నల్ ఉన్న కూడలిలో అసలు కరువు సమయానికి. గంటకు 3600 సెకన్లు, ఆ సెకన్లనే నాలుగు రోడ్లూ పంచుకోవాలి. ఒకరికి గ్రీన్ ఇచ్చినంతసేపూ మిగతా ముగ్గురూ ఆగాల్సిందే.

ఒక చిన్న లెక్క వేద్దాం, కాగితం మీద మీరే చేసుకోవచ్చు. సిగ్నల్ ఒక చుట్టు పూర్తవడానికి 120 సెకన్లు అనుకోండి. నాలుగు రోడ్లకు నాలుగు ఫేజ్‌లు, అంటే ఒక్కో వైపు వాళ్లను విడివిడిగా వదులుతున్నారు. ఫేజ్ మారిన ప్రతిసారీ బండ్లు కదలడానికి పట్టే ఆలస్యం, పసుపు లైటు, అన్ని వైపులా రెడ్ ఉండే క్షణాలు కలిపి సుమారు 4 సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. నాలుగు సార్లకు 16 పోయాయి. మిగిలిన 104లో ఒక్కో రోడ్డుకు వచ్చేది 26. లైన్ సాఫీగా కదులుతుంటే ఒక లేన్‌లో దాదాపు 2 సెకన్లకు ఒక కారు గీత దాటుతుంది, కాబట్టి గ్రీన్ పడినప్పుడల్లా 13, గంటకు 30 చుట్లు కాబట్టి 390 కార్లు. అంతే.

ఇప్పుడు అదే కూడలిలో కుడి మలుపులు తీసేశారనుకోండి. కుడివైపు వెళ్లాల్సినవాళ్లు నేరుగా కూడలి దాటి, కొంత దూరంలో యూటర్న్ తీసుకుని వెనక్కి వచ్చి ఎడమకు తిరుగుతారు. ఎదురెదురు రోడ్లను ఒకేసారి వదలొచ్చు కాబట్టి ఫేజ్‌లు రెండే. వృథా అయ్యేది 8 సెకన్లు, ఒక్కో వైపుకు గ్రీన్ 56 సెకన్లు, లేన్‌కు గంటకు 840 కార్లు. ఫుట్‌పాత్ కొట్టేసి రెండో లేన్ వేస్తే పాత పద్ధతిలో దక్కేది 780. అంటే ఒక్క అడుగు కూడా వెడల్పు చేయకుండా దానికంటే ఎక్కువే దాటించొచ్చు. చుట్టును 70 సెకన్లకు కుదించినా దాదాపు 800 వస్తాయి, ఆగే సమయం బాగా తగ్గుతుంది, నడిచేవాళ్లకూ త్వరగా వంతు వస్తుంది.

ఇది కొత్త ఆలోచనేం కాదు, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1960ల నుంచీ ఇలాంటి యూటర్న్ కూడళ్లు నడుస్తున్నాయి, అక్కడ కుడి పక్కన నడుపుతారు కాబట్టి తీసేసేది ఎడమ మలుపు, తేడా అంతే. అయితే దీనికీ షరతులున్నాయి. కుడికి తిరిగేవాళ్లే సగం మంది ఉంటే ఇది కుదరదు, ఎందుకంటే వాళ్లంతా యూటర్న్ దగ్గర పోగుపడి కొత్త జామ్ తయారుచేస్తారు. యూటర్న్ కూడలికి మరీ దగ్గరగా ఉంటే అక్కడి క్యూ వెనక్కి పాకి కూడలినే మూసేస్తుంది. మిషిగన్‌లో సుమారు 200 మీటర్ల దూరం పాటిస్తారు. పెద్ద బస్సు ఒకే ఊపులో తిరగడానికి చోటు కూడా ఉండాలి. సైకిల్ మీద, కాలినడకన వెళ్లేవాళ్లను ఆ చుట్టు తిప్పకూడదు, వాళ్లు కూడలిలోనే దాటాలి.

ఇంకొక మాట. చాలా చోట్ల రద్దీ పెరగగానే చేసే మొదటి పని సిగ్నల్ టైమ్ పెంచడం. పై లెక్కలోనే 120 బదులు 180 వేసి చూడండి, నాలుగు ఫేజ్‌లతో 390 కాస్తా 410 అవుతుంది. ఆ 20 కార్ల కోసం ప్రతివాళ్లూ రెండు నిమిషాలకు పైగా రెడ్ దగ్గర నిలబడాలి. ఓపిక నశించి నడిచేవాళ్లు బండ్ల మధ్యలోంచి పరుగెత్తేది ఇలాంటి చోట్లే. చుట్టు ఎంత పొడవుంటే సగటు ఆలస్యం తక్కువగా ఉంటుందో బ్రిటన్‌లో ఎఫ్.వి. వెబ్‌స్టర్ 1958లోనే సూత్రం ఇచ్చారు. సిగ్నళ్లు లెక్కగట్టేవాళ్లు ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు.

ప్రశ్న: ఇరవై ఏళ్ల తర్వాతి ట్రాఫిక్ ఇంత ఉంటుందని ఇప్పుడే ఎలా చెబుతారు? ఆ అంకె చూపించే మా కూడలి మీద ఫ్లైఓవర్ తప్పదంటున్నారు.

జవాబు: సాధారణంగా ఇవాళ్టి లెక్కను తీసుకుని, ఏటా ఇంత శాతం పెరుగుతుందని చక్రవడ్డీలాగా పెంచుకుంటూ పోతారు. ఆ శాతం ఎంత వేశారన్నదే అసలు కిటుకు. 15 ఏళ్లకు చూస్తే, ఏటా 3 శాతమైతే ట్రాఫిక్ ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 5 శాతమైతే రెట్టింపవుతుంది, 7 శాతమైతే దాదాపు రెండు ముప్పావు రెట్లు. సిగ్నల్ సర్దుబాటుతో పోయేదానికి, ఫ్లైఓవర్ కావాలనేదానికి మధ్య తేడా మొత్తం ఆ ఒక్క అంకెలో ఉంటుంది. దాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి. ఒకే శాతం వేసి ఊరుకున్న రిపోర్టు కంటే తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు వేసి, మూడింటికీ డిజైన్ ఎలా తట్టుకుంటుందో చూపించిన రిపోర్టును నేను నమ్ముతాను.

మొదటి లెక్క మీద కూడా ఓ కన్నేయండి. చాలా సర్వేల్లో స్టాప్ లైన్ దగ్గర కూర్చుని దాటిన బండ్లను లెక్కపెడతారు. కూడలి నిండిపోయి ఉన్నప్పుడు దాటినవాళ్ల సంఖ్య కూడలి సత్తాను చెబుతుంది గానీ దాటాలనుకున్నవాళ్ల సంఖ్యను చెప్పదు. వెనక ఆగిపోయిన క్యూ ఆ అంకెలో ఎక్కడా కనిపించదు. అందుకే ప్రతి పావుగంటకూ క్యూ ఎంత దూరం ఉందో కూడా రాసుకోవాలి. ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు తిరిగారో విడివిడిగా రాయాలి, బస్సులూ లారీలూ టూవీలర్లూ వేరువేరుగా ఉండాలి, నడిచేవాళ్లు కూడా లెక్కలోకి రావాలి. సెలవు రోజునో, పక్క రోడ్డు మూసి ఉన్నప్పుడో తీసిన లెక్క అయితే దాని మీద కట్టిందేదీ నిలబడదు.

ఫ్లైఓవర్ సంగతి. భవిష్యత్తు ట్రాఫిక్ అనేది మనం ఏం కట్టినా వచ్చి తీరుతుందని అనుకోవడమే తప్పు. దారి ఖాళీగా ఉంటే, వేరే వేళల్లో వెళ్లేవాళ్లు, బస్సెక్కేవాళ్లు, చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు అందులోకి వస్తారు. రద్దీ వేళల్లో ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి, అవి మళ్లీ కిక్కిరిసే దాకా బండ్లు వస్తూనే ఉంటాయని ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే రాశారు. 2011లో డురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి చూస్తే, హైవే లేన్లు ఎంత శాతం పెరిగితే బండ్లు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరిగిందని తేలింది. దీనికి తిరగేసిన ఉదాహరణ సియోల్. అక్కడ చియోంగ్యెచియోన్ వాగు మీద కట్టిన ఎలివేటెడ్ హైవేని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా వాగును మళ్లీ తెరిచారు. బస్సు వ్యవస్థను బాగుచేశారు, ఊరి ట్రాఫిక్ స్తంభించిపోలేదు.

పైగా ఒక్క కూడలి మీద ఫ్లైఓవర్ కడితే క్యూ మాయమవ్వదు, తర్వాతి సిగ్నల్ దగ్గరకు చేరుతుంది, అక్కడ ఆగింది మళ్లీ ఫ్లైఓవర్ మీదికి పాకుతుంది. కాబట్టి ఆ పక్కా ఈ పక్కా ఉన్న కూడళ్లకు కూడా లెక్క చూపించమనండి. ఏ అంకె నిజమవుతుందో తేలేదాకా స్థలం మాత్రం కేటాయించి ఉంచి, ముందు చవకైన మార్పులు చేయడం మేలు. కాంక్రీటు పోశాక వెనక్కి తీసుకోలేం.

ప్రశ్న: సిగ్నల్ పీకేసి రౌండబౌట్ పెడితే?

జవాబు: సరైన చోట అయితే చాలా మంచి మార్పు. నాలుగు రోడ్ల కూడలిలో బండ్ల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32, ఒక లేన్ రౌండబౌట్‌లో 8. అడ్డంగా గుద్దుకునే ప్రమాదాలు దాదాపు ఉండవు, తగిలినా పక్కపక్కన, తక్కువ వేగంతో. అయితే వృత్తంలో ఉన్నవాళ్లకే మొదటి హక్కు, లోపలికి వచ్చేవాళ్లు ఆగాలి. బ్రిటన్ 1966లో ఈ నిబంధన తెచ్చాకే రౌండబౌట్లు బిగుసుకుపోకుండా నడవడం మొదలైంది. మధ్యలో పెద్ద వృత్తం కట్టి చుట్టూ వేగంగా తిరగనిస్తే ఉపయోగం లేదు, లోపలికి వచ్చే దారే వంపు తిరిగి వేగాన్ని 30 కిలోమీటర్ల దగ్గరకు తగ్గించాలి. ఒక లేన్ రౌండబౌట్ రోజుకు 20-25 వేల బండ్ల వరకు మోయగలదు. ఒకవైపు నుంచే ప్రవాహం వస్తూ మిగతావాళ్లకు సందు దొరకని చోట, వందల మంది నడిచి దాటే చోట నేను సిగ్నలే కోరుకుంటాను.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. పచ్చ బొమ్మ వెలగగానే బయలుదేరినా అవతలి గట్టు చేరేలోగా ఎర్రబడుతుంది. ఎప్పుడూ మధ్యలో చిక్కుకుపోతాను. కొత్త డిజైన్‌లో మాలాంటివాళ్ల గురించి ఆలోచిస్తారా?

జవాబు: ఆలోచించి తీరాలమ్మా. చాలా చోట్ల సెకనుకు 1.2 మీటర్ల నడక వేగంతో టైమ్ వేస్తారు. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు వస్తాయి. నెమ్మదిగా నడిచేవాళ్ల వేగం 0.9 అనుకుంటే కావాల్సింది దాదాపు 27. ఆ 7 సెకన్ల పాటు మీరు బండ్ల ముందు ఉంటారు. లెక్క వేసినవాళ్లు సరిచేయాల్సిన సంగతి ఇది, మీ మోకాళ్ల మీదికి నెట్టకూడదు. టైమ్ పెంచడం ఒక దారి. రోడ్డు మధ్యలో వీల్‌చైర్ కూడా పట్టేంత వెడల్పున్న ఐలాండ్ (ఆగి నిలబడే గట్టు) కట్టి రెండు భాగాలుగా దాటించడం ఇంకా మంచిది. మూలలు గుండ్రంగా, విశాలంగా ఉంటే బండ్లు వేగం తగ్గించకుండా తిరుగుతాయి, మీరు దాటాల్సిన దూరమూ పెరుగుతుంది. మూలను బిగిస్తే రెండూ తగ్గుతాయి. బండ్లకంటే ఓ 3 నుంచి 7 సెకన్లు ముందుగా మీకు పచ్చ బొమ్మ ఇస్తే, మలుపు తిరిగే డ్రైవర్‌కు మీరు అప్పటికే ఎదురుగా కనిపిస్తారు. ఎడమకు ఆగకుండా తిరిగే ఫ్రీ లెఫ్ట్ పెడుతున్నారేమో కూడా కనుక్కోండి, పెడితే అక్కడ రోడ్డు కంటే కాస్త ఎత్తుగా ఉన్న క్రాసింగ్ అడగండి. అలా తిరిగే బండ్లు ఆగకపోతే మీకు దాటే సమయమే దొరకదు.

ప్రశ్న: బస్‌స్టాప్ కూడలికి ముందుండాలా, తర్వాతా?

జవాబు: ఎక్కువ సందర్భాల్లో తర్వాతే. ముందుంటే ఆగిన బస్సు గ్రీన్‌ను తినేస్తుంది, ఎడమకు తిరిగేవాళ్లు బస్సును చుట్టుకుని వెళ్తారు, దిగినవాళ్లు బస్సు ముందు నుంచే రోడ్డు దాటేస్తారు. అయితే తర్వాత పెట్టినప్పుడు రెండు బస్సులు వచ్చినా వెనకది కూడలిలో ఆగిపోకుండా చోటు వదలాలి.

ప్రశ్న: కెమెరాలతో తనంతట తానే సర్దుకునే సిగ్నల్ పెడితే డిజైన్ మార్చే పనే ఉండదంటున్నారు, నిజమా?

జవాబు: అలాంటివి ఎప్పటి నుంచో ఉన్నాయి, సిడ్నీలో పుట్టిన స్కాట్స్ అనే సిగ్నల్ వ్యవస్థ 1970ల నాటిది. ఒక వైపు ఖాళీగా ఉన్నప్పుడు ఆ సెకన్లు తీసి రద్దీ ఉన్న వైపుకు ఇస్తుంది, వరుస కూడళ్లను కలిపి నడిపిస్తుంది, వీటికి తప్పకుండా పనికొస్తుంది. నాలుగు వైపులా నిండిపోతే మాత్రం తీసి ఇవ్వడానికి సెకన్లు ఉండవు.

ప్రశ్న: వచ్చే వారం మా కూడలి ప్లాన్ మీద మీటింగ్ ఉంది. నేను ఇంజనీర్‌ని కాదు, ఏం అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి, రోజూ దాటే మనిషిగా మీకు తెలిసింది డ్రాయింగ్‌లో లేదు. ఏ వేళకు ఏ వైపు క్యూ ఎంత దూరం వస్తుందో, పిల్లలు నిజంగా ఎక్కడ దాటుతున్నారో, వాన పడితే ఏ మూల నీళ్లు నిలుస్తాయో రాసుకుని వెళ్లండి. కొత్త గీతల ప్రకారం ముందు పెయింటు, కోన్‌లతో కొన్ని వారాలు నడిపి చూస్తారా అని అడగండి, చాలా తప్పులు అక్కడే బయటపడతాయి, మార్చడానికి పెద్ద ఖర్చూ ఉండదు. సిగ్నల్ టైమింగ్‌లు మళ్లీ ఎప్పుడు సరిచూస్తారు, ఆ బాధ్యత ఎవరిది అని రాతపూర్వకంగా అడగండి, పెట్టిన రోజు వేసిన టైమింగ్‌లతోనే ఏళ్లు గడిచిపోయే సిగ్నళ్లు చాలా ఉన్నాయి. ఆఖరున, పని జరిగే నెలల్లో ట్రాఫిక్‌ను ఎటు మళ్లిస్తారో, ఆ మళ్లించే వీధిలో స్కూలు ఉందా ఆసుపత్రి ఉందా, అంబులెన్స్ ఎటు వెళ్తుంది, నడిచేవాళ్లకు దారి ఎక్కడ అని అడగండి. ఆ మ్యాప్ వాళ్ల దగ్గర తయారుగా లేకపోతే, అది వచ్చేదాకా పని మొదలుపెట్టవద్దని మీటింగ్ నోట్‌లో రాయించండి.