రెండొందల డాలర్లలో నడుముకు నప్పే కుర్చీ

ప్రశ్న: డాలస్ వచ్చి రెండు నెలలైంది. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. 200 డాలర్లు దాటకుండా ఏ కుర్చీ కొనమంటారు? ఆన్‌లైన్‌లో 129కి ఒక మెష్ కుర్చీ, 180కి ఒక గేమింగ్ కుర్చీ చూసి పెట్టాను. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు.

జవాబు: ఆ రెండూ వద్దు. అదే డబ్బుతో పాత ఆఫీసు కుర్చీ కొనండి.

కొత్తగా వచ్చినవాళ్లకి ఈ మాట రుచించదు. ఒకళ్లు కూర్చున్న కుర్చీ మనకెందుకు అనిపిస్తుంది. కానీ ఇక్కడి పెద్ద ఆఫీసులు కొనే కుర్చీల తయారీయే వేరు. హెర్మన్ మిల్లర్, స్టీల్‌కేస్, హేవర్త్ లాంటి కంపెనీలు రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని వాటిని చేస్తాయి. హెర్మన్ మిల్లర్, స్టీల్‌కేస్ అసలు కొనుగోలుదారుకి పన్నెండేళ్ల వారంటీ ఇస్తాయి. హెర్మన్ మిల్లర్ వాళ్ల ఏరాన్ అనే కుర్చీ కొత్తదైతే వెయ్యి డాలర్ల పైమాటే. ఆఫీసు ఖాళీ చేసినప్పుడో, ఫర్నిచర్ మార్చినప్పుడో ఇలాంటి కుర్చీలు లాట్లుగా లిక్విడేటర్ల (పాత ఆఫీసు సామాను కొని అమ్మేవాళ్ల) గోడౌన్లకి చేరతాయి. అక్కడికి స్వయంగా వెళ్లి తెచ్చుకుంటే స్టీల్‌కేస్ వాళ్ల లీప్ అనే కుర్చీ 150 నుంచి 300 డాలర్ల మధ్య దొరకడం మామూలే. వారంటీ మాత్రం చేతులు మారితే రాదు. కొనేటప్పుడు కుర్చీని బోర్లా తిప్పి చూడమనేది అందుకే.

129 డాలర్ల కొత్త కుర్చీలో డబ్బు పైకి కనిపించే వాటికే పోతుంది. సీటు ఫోమ్ పలచన, ఆర్నెల్లకే అడుగున ప్లైవుడ్ తగులుతుంది. వెనక్కి వాలితే సీటు మొత్తం నడిమధ్య నుంచి ఊయలలా వెనక్కి లేచి, పాదాలు నేల వదిలేస్తాయి. మంచి కుర్చీలో వీపు ఎక్కువ వాలుతుంది, సీటు కొద్దిగానే కదులుతుంది, పాదాలు నేల మీదే ఉంటాయి. దీన్నే సింక్రో టిల్ట్ అంటారు. ఇక గేమింగ్ కుర్చీ ఆకారం రేసు కారు సీటు నుంచి వచ్చింది. కారు మలుపు తిరిగేటప్పుడు మనిషి పక్కకి జారకుండా పట్టడానికి ఆ రెక్కలు. కోడ్ రాసుకునే మనిషి ఎక్కడికి జారతాడు? పైగా ఆ తోలు తోలు కాదు. గుడ్డ మీద పాలియురెథేన్ పూత. చెమట, ఒంటి నూనె తగిలి రెండు మూడేళ్లలో పొలుసులు పొలుసులుగా రాలి కార్పెట్ నిండా పడుతుంది.

ముందు కొలత, తరవాతే కుర్చీ

టేపు తీసుకోండి. గట్టి కుర్చీ మీద కూర్చుని, మోకాలు మడత కింద నుంచి నేల దాకా కొలవండి. బూట్లు లేకుండా కొలవండి. కంపెనీల పట్టికలు బూట్లు వేసుకున్న పాదాన్ని లెక్కలో పెట్టుకుంటాయి, మనం ఇంట్లో ఒట్టి కాళ్లతోనే ఉంటాం. అక్కడే అంగుళం తేడా వస్తుంది. మీ ఎత్తు వాళ్లకి ఈ కొలత దాదాపు 16 అంగుళాలు ఉంటుంది. కుర్చీ సీటు అంత కిందికి దిగాలి. దిగకపోతే తొడ కింద అంచు నొక్కుకుని కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి.

ఐకియా మార్కస్ మనవాళ్లలో బాగా పేరున్న కుర్చీ. వాళ్ల లెక్కలోనే సీటు కనీస ఎత్తు 46 సెంటీమీటర్లు, అంటే 18 అంగుళాలకి కాస్త పైన. లోతు 47 సెంటీమీటర్లు, సర్దుకునే వీలు లేదు. చేతులాన్చే పట్టీలూ కదలవు. 5 అడుగుల 9 అంగుళాల వాళ్లకి బాగానే ఉంటుంది. మీకు కాళ్లు వేలాడతాయి, లేదా సీటు ముందుకి జరిగి కూర్చుని వీపుకి ఆనుడే లేకుండా పోతుంది. అందులో కుర్చీ తప్పేమీ లేదు, అది మీ కొలతకి చేసింది కాదు, అంతే. స్టీల్‌కేస్ లీప్ రెండో తరం సీటు 15.5 అంగుళాల దాకా దిగుతుంది, సీటు లోతు 3 అంగుళాల మేర ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మీ కొలతకి ముందు చూడాల్సింది అదే.

లోతు చూడటానికి టేపు అక్కర్లేదు. వీపు పూర్తిగా ఆనించి కూర్చుని, సీటు అంచుకీ మోకాలి వెనక మడతకీ మధ్య వేళ్లు దూర్చండి. రెండు మూడు వేళ్లు పట్టాలి. వేలు కూడా దూరకపోతే ఆ కుర్చీ మీకు పెద్దది.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే సంగతి: టేబుల్. ఇక్కడ అమ్మే డెస్కులన్నీ ఇంచుమించు 29, 30 అంగుళాల ఎత్తు. పాదాలు నేలకి ఆనించి కూర్చుంటే మీ మోచెయ్యి 25 అంగుళాల దగ్గర ఉంటుంది. ఆ నాలుగైదు అంగుళాల కోసం భుజాలు పైకెత్తి టైప్ చేస్తారు, సాయంత్రానికి మెడా భుజాలూ బిగుసుకుంటాయి, నింద కుర్చీ మీద పడుతుంది. డెస్కు కింద బిగించే కీబోర్డు ట్రే ఒక దారి. లేదంటే కుర్చీని మోచెయ్యి టేబుల్ ఎత్తుకి వచ్చేదాకా లేపి, కాళ్ల కింద పీట పెట్టుకోవడం. ఫుట్‌రెస్ట్ కొనేదాకా ప్రింటర్ కాగితాల రీములు రెండు టేపు చుట్టి పెట్టినా పని జరుగుతుంది. కుర్చీకి 200 పెట్టే బదులు 170 పెట్టి, మిగిలిన 30 దీనికి ఉంచుకోవడం తెలివి.

ఏరాన్ పేరు విని ఎగబడకండి

1994లో వచ్చిన ఏరాన్‌కి పేరు ఎక్కువ, అందుకే పాతదైనా ధర దిగదు. అందులో ఎ, బి, సి అని మూడు సైజులున్నాయి, సీటు లోతు సర్దుకునే వీలు లేదు. సైజు తప్పితే ఇక చేసేదేమీ లేదు. అమ్మేవాడు ‘స్టాండర్డ్ సైజు’ అంటే నమ్మకండి. వీపు భాగం పై అంచు వెనక వైపు వేళ్లతో తడిమి చూడండి, చిన్న చుక్కలు తగులుతాయి. ఒక చుక్క ఎ, రెండు బి, మూడు సి. దొరికేవాటిలో ఎక్కువ బి సైజే. సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్లకి ఎ కావాలి, అది అరుదు.

ఇంకో సంగతి. మనలో చాలామందికి కుర్చీ మీదే కాళ్లు మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటు. ఏరాన్ సీటు చుట్టూ గట్టి ప్లాస్టిక్ చట్రం ఉంటుంది, చీలమండలకి అది ఒత్తుకుంటుంది. ఆ అలవాటు మానలేరనుకుంటే మెత్త ఉన్న సీటు చూడండి: లీప్, లేదా అదే కంపెనీ అమియా. అమియాకి లీప్ అంత పేరు లేదు కాబట్టి ధర కూడా తక్కువే పలుకుతుంది. సీటు లోతు అందులోనూ సర్దుకోవచ్చు. ఈ బడ్జెట్‌లో లీప్ దొరక్కపోతే మా ఓటు దానికే.

ఎక్కడ వెతకాలి

మీ ఊరి పేరుతో ‘యూజ్డ్ ఆఫీస్ ఫర్నిచర్’, ‘ఆఫీస్ లిక్విడేటర్స్’ అని వెతకండి. డాలస్ లాంటి ఊళ్లో ఇలాంటి గోడౌన్లు ఉంటాయి. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లలో, వాళ్లకి అక్కర్లేని పాత సామాను అమ్మే సర్‌ప్లస్ దుకాణం ఉందేమో కనుక్కోండి. మిషిగన్ స్టేట్‌కి ఈస్ట్ లాన్సింగ్‌లో సర్‌ప్లస్ స్టోర్ ఉంది, విస్కాన్సిన్ మాడిసన్ వాళ్లకి స్వాప్ అనే సర్‌ప్లస్ విభాగం ఉంది. బయటివాళ్లూ కొనుక్కోవచ్చు.

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ధర ఇంకా తగ్గుతుంది, మోసం కూడా అక్కడే. కుర్చీ చూడకముందే ‘హోల్డ్ చేయడానికి’ జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) డబ్బు పంపమంటే అక్కడితో ఆపేయండి. జెల్‌లో పంపిన డబ్బు వెనక్కి రాదు.

వీధి పక్కన పారేసిన గుడ్డ కుర్చీ మాత్రం ఉచితమైనా ముట్టుకోవద్దు. మాడిసన్ లాంటి ఊళ్లలో ఆగస్టు మధ్యలో లీజులు మారే రోజుల్లో ఫుట్‌పాత్‌ల నిండా ఫర్నిచరే, చూస్తే ఆశపుడుతుంది. నల్లులు ఒక్కసారి అపార్ట్‌మెంట్‌లో చేరితే వదిలించుకోవడానికి అయ్యే ఖర్చులో కొత్త లీప్ కొనొచ్చు. డబ్బిచ్చి కొనే గుడ్డ కుర్చీకైనా ఫోన్ టార్చి వేసి కుట్ల వెంబడి, సీటు అడుగున చూడండి. నల్లటి చుక్కలు, ఎండిన పొట్టు కనబడితే వచ్చిన దారినే వెనక్కి.

కొనే ముందు పది నిమిషాలు

కుర్చీని పూర్తిగా పైకి లేపి కూర్చోండి. సీటు ఎత్తు టేపుతో కొలిచి, అమ్మేవాడితో మాటల్లో పెట్టి పది నిమిషాల తరవాత మళ్లీ కొలవండి. అర అంగుళం దిగినా సీటుని ఎత్తి దించే గ్యాస్ సిలిండర్ పోతోందని అర్థం. అది మార్చుకోగలిగిందే, కానీ ధరలో 40 డాలర్లు తగ్గించమని అడగడానికి మీకు ఆధారం దొరికినట్టు.

తరవాత వెనక్కి వాలండి. లాక్ పడుతుందా, వాలే బిగువు మార్చే నాబ్ తిప్పితే తేడా తెలుస్తోందా? ఈ నాబ్ చాలా చుట్లు తిరగాలి, రెండు చుట్లు తిప్పి పాడైపోయిందనుకోకండి. చేతుల పట్టీలు ఎత్తి దింపి, పక్కలకి ఊపి చూడండి. కొద్దిగా ఆడటం సహజం, కిందికి జారిపోతే మాత్రం లోపలి పళ్లు అరిగిపోయాయి. పైన మెత్త చిరిగి ఉంటే భయం లేదు, పేరున్న మోడళ్లకి విడిగా మెత్తలు దొరుకుతాయి. ఆఖరుకి బోర్లా తిప్పండి. సీటు అడుగున లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. ఐదు కాళ్ల మధ్య బొడ్డు దగ్గర వెంట్రుకవాసి పగులు కనిపించినా ఆ కుర్చీ తీసుకోవద్దు. మిగతావన్నీ బాగు చేసుకోవచ్చు, అది విరిగితే మనిషే కింద పడతాడు.

సిలిండర్ దిగిపోతుంటే

తాత్కాలికంగా అయితే ఐదు డాలర్ల పని. మెరిసే లోపలి రాడ్డు మీద అమరేంత సందున్న పీవీసీ పైపు తెచ్చి, మీకు కావలసిన ఎత్తుకి ముక్క కోసి, నిలువునా ఒక చీలిక పెట్టి తొడగండి. కుర్చీ ఇక ఆ ఎత్తు కంటే దిగదు. ఎత్తు మార్చుకోవాల్సిన అవసరం లేనివాళ్లకి ఇదే శాశ్వతంగా సరిపోతుంది.

మార్చాలంటే కొత్త సిలిండర్ సుమారు 25 నుంచి 40 డాలర్లు. పాతదాని పొడవు, పైకి లేచే నిడివి కొలిచి ఆర్డర్ పెట్టండి. పొడుగుది వస్తే మీ 16 అంగుళాల లెక్క పోతుంది. సిలిండర్‌కి మరలేమీ ఉండవు, కొస సన్నమైన గొట్టం రంధ్రంలో బిగుసుకుని నిలబడుతుంది, అంతే. కుర్చీ బోర్లా పెట్టి, కాళ్ల చట్రం పట్టుకుని, మధ్యలో కనిపించే గొట్టం అంచు మీద సుత్తితో చుట్టూ కొట్టండి. నడిమధ్య పిన్ను మీద కొట్టకండి. చట్రం ఊడాక, సీటు వైపు డబ్ల్యూడీ-40 (బిగుసుకున్నవి వదులు చేసే స్ప్రే) కొట్టి పావుగంట ఆగి, 18 అంగుళాల పైపు రెంచి బిగించి మెలితిప్పుతూ లాగండి. రెంచి కొనక్కర్లేదు, కొన్ని ఆటో విడిభాగాల దుకాణాలు, పరికరాలు అద్దెకిచ్చే చోట్ల దొరుకుతుంది. సిలిండర్‌ని కోయడం, డ్రిల్ చేయడం మాత్రం వద్దు, లోపల నైట్రోజన్ ఒత్తిడితో ఉంటుంది. కొత్తది పెట్టేటప్పుడు కొన మీదున్న ప్లాస్టిక్ టోపీ తీయడం మర్చిపోతే లివర్ పనిచేయదు. తీసి, పెట్టి, గట్టిగా కూర్చోండి. అదే బిగుసుకుంటుంది, సుత్తి అక్కర్లేదు.

చక్రాలు, డిపాజిట్

ఆఫీసు కుర్చీలకి ఎక్కువగా కార్పెట్ కోసం చేసిన గట్టి నైలాన్ చక్రాలుంటాయి. మీ అపార్ట్‌మెంట్‌లో వినైల్ పలకలు పరిచి ఉంటే ఆర్నెల్లలో గీతలు పడి, ఖాళీ చేసే రోజు డిపాజిట్‌లో కోత పడుతుంది. మెత్త రబ్బరు చక్రాలు ఐదింటి సెట్ కొని మార్చుకోండి. పాతవి లాగితే ఊడతాయి, కొత్తవి నొక్కితే పడతాయి. మామూలు ఆఫీసు కుర్చీలకి చక్రం కాడ 11 మిల్లీమీటర్లు, ఐకియాకి 10. ఇది చూడకుండా ఆర్డర్ పెట్టి వెనక్కి పంపేవాళ్లే ఎక్కువ.

సీటు గట్టిగా ఉందని పైన మూడంగుళాల మెత్త వేయకండి. మీరు మూడంగుళాలు లేస్తారు, వీపు ఆనుడూ చేతి పట్టీలూ ఉన్నచోటే ఉంటాయి, సర్దిందంతా తప్పుతుంది. తలకి నూనె రాసుకునే అలవాటుంటే హెడ్‌రెస్ట్ మీద పాత తువ్వాలు వేసుకోండి.

డబ్బు సంగతి

కొనే ముందు మీ కంపెనీ హెచ్ఆర్‌ని ఒక్క మెయిల్ అడగండి, ఇంటి ఆఫీసు కోసం ఇంత అని ఇచ్చే కంపెనీలున్నాయి. కాలిఫోర్నియా, ఇల్లినాయ్‌లలో ఉద్యోగానికి అవసరమైన ఖర్చు ఉద్యోగికి తిరిగివ్వాలని చట్టమే ఉంది. టెక్సస్‌లో అలాంటిది లేదు, కంపెనీ దయ. టాక్స్‌లో చూపించుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. డబ్ల్యూ-2 మీద, అంటే కంపెనీలో జీతానికి పనిచేసేవాళ్లకి ఫెడరల్ టాక్స్‌లో 2018 నుంచి ఇంటి ఆఫీసు ఖర్చుకి మినహాయింపు లేదు, కాబట్టి రసీదు అందుకోసం దాచనక్కర్లేదు.