మిక్సింగ్‌కు హెడ్‌ఫోన్: బేస్ సంగతి తర్వాత, ముందు గొంతు చూడండి

కావలి నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంట్లో ఒక గదిలో రికార్డింగ్ పెట్టుకున్నారు. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) ఉంది, స్పీకర్లు ఇంకా కొనలేదు. భక్తి పాటలు, పెళ్లి పాటలు, అప్పుడప్పుడూ లఘుచిత్రాలకు నేపథ్య సంగీతం చేస్తున్నారు. పదిహేను వేల లోపు మిక్సింగ్‌కు (గొంతునూ వాద్యాలనూ పాళ్లు కుదిర్చి కలపడానికి) పనికొచ్చే హెడ్‌ఫోన్ కావాలి. ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోనే చాలని మీ మిత్రుడు అంటున్నారు. ఓమ్‌లు (హెడ్‌ఫోన్ విద్యుత్తుకు చూపే నిరోధం) ఎక్కువ ఉంటే నాణ్యత ఎక్కువని దుకాణదారు అంటున్నారు. ఇద్దరి మాటా పక్కన పెట్టండి.

నేను ఒంగోలులో మేడ మీది గదిలో పద్యాలు, క్రైస్తవ గీతాలు, చిన్న చిన్న ప్రకటనలు రికార్డు చేసి మిక్స్ చేస్తుంటాను. నా జవాబు ముందే చెబుతాను: ఒక్కటే కొనగలిగితే క్లోజ్డ్ బ్యాక్, అంటే చెవి గిన్నెల వెనక భాగం మూసి ఉన్నది తీసుకోండి. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం40ఎక్స్ గానీ, సోనీ ఎండీఆర్-7506 గానీ. పోటీ ఈ రెండింటి మధ్యే అయితే నా ఓటు ఎం40ఎక్స్‌కు.

కారణం చెప్పే ముందు ఒక ప్రశ్న. మీరు చేసిన పాట ఎక్కడ మోగుతుంది? అయ్యప్ప పాట అయితే మాల వేసుకున్నవారి ఫోనులో, ఆటోలో, చివరికి గుడి దగ్గర కొయ్యకు కట్టిన హారన్ మైకులో. హారన్ మైకు సుమారు 300 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు, అంకె తగ్గేకొద్దీ స్వరం లోతు) దిగువన దాదాపు ఏమీ పలకదు. ఫోను స్పీకరు కూడా ఈ విషయంలో దాని తమ్ముడే. రాత్రంతా కూర్చుని 50 హెర్ట్జ్ దగ్గర కుదిర్చిన కిక్ డ్రమ్ ఆ రెండు చోట్లా ఉన్నట్టే తెలియదు. మిగిలేది 300 నుంచి 4000 హెర్ట్జ్ వరకు ఉన్న మధ్యభాగం: గొంతు, హార్మోనియం, నాదస్వరం, వయొలిన్. ఈ భాగాన్ని ఉన్నది ఉన్నట్టు వినిపించని హెడ్‌ఫోన్ చెవులు అదిరేలా బేస్ కొట్టినా మన పనికి రాదు.

పద్యాల దగ్గర ఇది బాగా బయటపడుతుంది. పాడేవారు పై షడ్జమం మీద రాగం తీస్తూ నిలబడతారు, హార్మోనియం కూడా అదే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. 1000 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. సినిమాలకు, గేములకు అమ్మే హెడ్‌ఫోన్లలో చాలావాటికి సరిగ్గా ఇక్కడే గుంట ఉంటుంది, ఎందుకంటే బేసూ (లోతు ధ్వని) ట్రెబులూ (పైస్థాయి సన్న ధ్వని) పైకి లేపితే దుకాణంలో విన్న నిమిషంలోనే గొప్పగా అనిపిస్తుంది. అలాంటి దానితో మిక్స్ చేస్తే గొంతు వెనక్కి పోయినట్టు వినిపిస్తుంది. మీరు గొంతు స్థాయి పెంచుతారు, అది చాలక ఈక్వలైజర్‌లో 2500 దగ్గర మరో మూడు డెసిబెల్స్ ఎత్తుతారు. మన చెవికి అసలే 2000 నుంచి 5000 మధ్య సూక్ష్మత ఎక్కువ, హారన్ మైకు కూడా ఆ దరిదాపుల్లోనే గట్టిగా అరుస్తుంది. మూడూ కలిసి తిరునాళ్లలో పద్యం సూదిలా గుచ్చుకుంటుంది. తప్పు మైకు సెట్టు వాళ్ల మీదకు పోతుంది, పాపం.

దీనికి తిరగబడిన సమస్య ట్రెబుల్ దగ్గర ఉంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో గురించి ఇంటర్నెట్‌లో ఎన్నో పొగడ్తలు చూసి ఉంటారు. మంచి సరుకే, కట్టుదిట్టంగా ఉంటుంది, మెత్తని ముఖమల్ ప్యాడ్లు హాయిగా ఉంటాయి. కానీ 8000 హెర్ట్జ్ ప్రాంతంలో దాని ధ్వని బాగా పైకి లేస్తుంది. తెలుగులో స, శ, ష, చ లు ఎంత తరచుగా వస్తాయో మీకు తెలుసు. ‘శ్రీశైలవాసా’ అనే ఒక్క పిలుపులో మూడుసార్లు బుస వినిపిస్తుంది. ఆ హెడ్‌ఫోన్లో ఆ బుస భరించలేక, దాన్ని తగ్గించే డీ-ఎస్సర్‌ను గట్టిగా బిగిస్తారు. మామూలు స్పీకరులో అదే పాట పెడితే పాడినవారికి నాలుక మందమేమో అన్న అనుమానం వస్తుంది. నా మిత్రుడి దగ్గర ఇదే హెడ్‌ఫోన్ ఉంది, అతను పంపిన మిక్స్‌లలో ‘స’ ఎప్పుడూ నలిగిపోయి వచ్చేది. ట్రెబుల్ పైకి ఉన్న హెడ్‌ఫోన్‌తో పాట మొద్దుబారుతుంది, బేస్ పైకి ఉన్నదానితో పలచబడుతుంది. లోపం ఎటు ఉంటే మిక్స్ దానికి ఎదురు దిక్కుకు పోతుందని గుర్తుంచుకుంటే ఏ హెడ్‌ఫోన్ గురించి ఎవరు ఏం రాసినా మీరే అర్థం చేసుకోగలరు.

7506లో కూడా ట్రెబుల్ కాస్త ఎక్కువే. అయితే దానికి ఒక సుగుణం ఉంది: గొంతు వెనక ఫ్యాను మోత, పాడేవారి పెదవుల చప్పుడు, ఎడిటింగ్‌లో అతుకు దగ్గర పడిన టిక్కు, అన్నీ పట్టిస్తుంది. 1991 నుంచి పెద్దగా మార్పు లేకుండా అమ్ముడవుతున్నది ఊరికే కాదు. దాని స్ప్రింగు వైరు ఊడదు, తెగితే టంకం వేయించాల్సిందే. ఎం40ఎక్స్‌కు వైరు ఊడదీసి మార్చుకోవచ్చు, మధ్యభాగం కూడా నా చెవికి మరింత సమంగా ఉంటుంది. దీని అన్న ఎం50ఎక్స్ పేరు ఎక్కువ వింటారు గానీ, దానిలో బేస్ కొంచెం ఎత్తి ఉంటుంది. మన పనికి తమ్ముడే నయం.

ఓపెన్ బ్యాక్, అంటే గిన్నెల వెనక తెరిచి ఉన్నది, ఎందుకు వద్దంటున్నానంటే, ధ్వని బాగుండక కాదు. గొంతు విషయంలో నేను విన్నవాటిలో నమ్మదగినది ఇప్పటికీ సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 1997 నాటి నమూనా. అది ఓపెన్ బ్యాకే, మీ బడ్జెట్‌కు అందదు. అసలు ఇబ్బంది గదిది. మీరు పాడించేదీ మిక్స్ చేసేదీ ఒకే గదిలో, ఒకే హెడ్‌ఫోన్‌తో. ఓపెన్ బ్యాక్ పెట్టుకుని పాడితే తాళం క్లిక్కు, తంబూర శ్రుతి బయటికి కారి, సున్నితమైన కండెన్సర్ మైకులో పడతాయి, తర్వాత వాటిని తీయడం ఎవరి తరమూ కాదు. బయటి చప్పుడు లోపలికి రావడం రెండో గొడవ. మా ఇల్లు కర్నూలు రోడ్డుకు దగ్గర. చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు వేసుకుని లారీలు వస్తుంటాయి. లారీ గేరు మార్చినప్పుడు కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది, ఓపెన్ బ్యాక్ పెట్టుకుని ఉంటే పాటలోని కింది స్వరం మొత్తం ఆ గుర్రులో కలిసిపోతుంది. క్లోజ్డ్ బ్యాక్ కూడా ఆ లోతు ధ్వనిని పూర్తిగా ఆపదు గానీ, ఫ్యాను, పక్కింటి టీవీ, కుక్కర్ విజిల్ మాత్రం బాగా తగ్గుతాయి. ప్రశాంతమైన గది ఉండి, రికార్డింగ్‌కు వేరే హెడ్‌ఫోన్ ఉన్నవారికి నా సలహా వేరుగా ఉండేది.

ఓమ్‌ల మాట. అది నాణ్యతకు కొలత కాదు. ఎం40ఎక్స్‌కు 35 ఓమ్‌లు, 7506కు 63 ఓమ్‌లు, డీటీ 990 ప్రోకు 250, హెచ్‌డీ 600కు 300. ఓమ్‌లు ఎక్కువైతే సరిపడా శబ్దం రావడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. యూఎస్‌బీ కరెంటుతో నడిచే చిన్న ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటికి ఆ దమ్ము ఉండదు, నాబ్ చివరిదాకా తిప్పినా ఇంకాస్త ఉంటే బాగుండు అనిపిస్తుంది. అప్పుడు వేరే యాంప్లిఫయర్ కొనాలి. తక్కువ ఓమ్‌లదానికీ ఒక షరతుంది: ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ సాకెట్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆ సాకెట్ సొంత నిరోధం), హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకు మించకపోతే మంచిది. మించితే కొన్నింటిలో బేస్ అనవసరంగా ఉబ్బుతుంది. మీ ఇంటర్‌ఫేస్ వివరాల కాగితంలో ఆ అంకె చూడండి.

బ్లూటూత్ గురించి ఎక్కువ రాయను. మామూలు బ్లూటూత్‌లో 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం సర్వసాధారణం. 100 అంటేనే 34 మీటర్ల అవతల ఉన్న మైకులో తాళం వింటూ ఇక్కడ పాడినట్టు. పైగా ధ్వనిని కుదించి పంపుతుంది, చాలా కంపెనీలు దానిలో తమ సొంత ఈక్వలైజర్ కూడా కలుపుతాయి. పాట పూర్తయ్యాక జనం ఎలా వింటారో చూసుకోవడానికి దాన్ని ఉంచుకోండి, అందుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

మన ఎండల గురించి విదేశీ సమీక్షల్లో ఎవరూ రాయరు. మే నెలలో ఫ్యాను ఆపి రికార్డు చేస్తుంటే పది నిమిషాలకే ప్యాడ్ల కింద చెమట కారుతుంది. కృత్రిమ తోలు ప్యాడ్లు ఆ చెమటకు పొలుసులుగా రాలి, నల్లటి తుంపులు చెవులకు అంటుకుంటాయి. వాడాక పొడి గుడ్డతో తుడిచి గాలికి పెట్టండి. చల్లగా ఉంటుందని క్లోజ్డ్ బ్యాక్‌కు ముఖమల్ ప్యాడ్లు తొడిగేవారున్నారు. తొడిగితే చెవి చుట్టూ గాలి చొరబడి బేస్ పడిపోతుంది, మీకు అలవాటైన ధ్వని మారిపోతుంది. అదే కంపెనీ, అదే నమూనా ప్యాడ్లే వేయండి. కళ్లజోడు కొమ్మ కూడా ఆ చిన్న సందును చేస్తుంది. మీకు కళ్లజోడు ఉంటే బేస్ విషయంలో మీ హెడ్‌ఫోన్‌ను సగమే నమ్మండి, మిగతా సగానికి ఏ స్వరస్థాయిలో ఎంత ధ్వని ఉందో తెరమీద చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ చూడండి.

బేస్‌కు ఇంకో ఉపాయం ఉంది. ఫోను స్పీకరు మూలస్వరాన్ని పలకలేకపోయినా, దాని పైనున్న హార్మోనిక్స్ (మూలస్వరానికి రెండు, మూడు రెట్ల స్వరాలు) వినిపిస్తే మన మెదడు కింది స్వరాన్ని తానే పూరించుకుంటుంది. కాబట్టి బేస్ గిటార్‌కు కొద్దిగా సాచురేషన్ (హార్మోనిక్స్ పుట్టించే సన్నని గరుకు) కలిపి 200 నుంచి 800 మధ్య కాస్త కండ పట్టించండి. ఫోనులో కూడా బేస్ ఉన్నట్టే ఉంటుంది.

ఏ హెడ్‌ఫోన్ కొన్నా తప్పని చిక్కు ఒకటుంది. స్పీకర్ల ముందు కూర్చుంటే ఎడమ స్పీకరు ధ్వని కుడిచెవికి కూడా చేరుతుంది. హెడ్‌ఫోన్లో చేరదు. అందుకే తబలాను పూర్తిగా ఒక పక్కకు తోస్తే హెడ్‌ఫోన్లో అందంగా విడిపోయి వినిపిస్తుంది. ఎడమ స్పీకరు ఒక్కటే పనిచేసే ఆటోలో మాత్రం ఆ తబలా మాయమైపోవచ్చు. మిక్స్‌ను మోనోలో (ఎడమ కుడి కలిపి ఒకటే ధ్వనిగా) పెట్టి వినడం రోజువారీ అలవాటు చేసుకోండి. రివర్బ్ (గది ప్రతిధ్వని) కూడా హెడ్‌ఫోన్లో ఉన్నదానికంటే ఎక్కువగా తోస్తుంది, భయపడి దాన్ని మరీ తగ్గించి పాటను ఆరబెట్టకండి.

కొనేముందు వినే అవకాశం దొరికితే వెంట బాలు గారి గొంతు తీసుకువెళ్లండి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మీ నెల్లూరు మనిషే కదా. 1966 నుంచి ఆయన పాడుతుంటే విన్న చెవులు మనవి, ఆ గొంతు సహజంగా ఎలా ఉంటుందో ఎవరూ నేర్పక్కర్లేదు. డబ్బాలోంచి పాడినట్టున్నా, జలుబు చేసినట్టున్నా ఆ హెడ్‌ఫోన్ మధ్యభాగం సరిగ్గా లేనట్టే. 70లలోని పాటలు చాలా వరకు మోనో కాబట్టి వాటితో గొంతు మాత్రమే చూడండి. బేసుకూ, ఎడమ కుడి విడిపోవడానికీ ఇటీవలి పాట ఒకటి చాలు. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టండి, లేకపోతే గట్టిగా మోగిందే గెలుస్తుంది.

చెన్నై రైలెక్కి అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్లాలనుకుంటే వెళ్లండి గానీ, డబ్బా విప్పి వినిపించే దుకాణాలు తక్కువ. 7506కు నకిలీలు చాలా ఉన్నాయి. మిగతా అందరికంటే మరీ తక్కువ ధర చెప్పినవారి దగ్గర దాన్ని కొనకండి, బిల్లు, వారంటీ కాగితం తప్పనిసరి. ఆన్‌లైన్‌లో అయితే వెనక్కి తీసుకునే గడువు ఉన్నచోటే కొని, ఆ గడువులోపు ఒక పాట మొదటి నుంచి చివరిదాకా మిక్స్ చేసి చూడండి.

సోనార్‌వర్క్స్ లాంటి, హెడ్‌ఫోన్ ధ్వని లోపాలను సవరించే సాఫ్ట్‌వేర్ తర్వాత ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఇప్పుడే అవసరం లేదు. తీసుకుంటే పాట ఎక్స్‌పోర్ట్ చేసే ముందు దాన్ని మాస్టర్ ట్రాక్ (పాట మొత్తం కలిసి బయటికి వెళ్లే చివరి ట్రాక్) నుంచి ఆపడం మరవకండి, లేకపోతే మీ హెడ్‌ఫోన్ కోసం చేసిన సవరణ పాటలోకి ఎక్కేస్తుంది. శబ్దం తక్కువగా పెట్టుకోండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలు హద్దు, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. పక్కనున్నవారు మామూలు గొంతుతో పిలిస్తే వినిపించే స్థాయిలో మిక్స్ చేస్తే గొంతుకూ వాద్యాలకూ మధ్య పాళ్లు కూడా బాగా కుదురుతాయి.

ఎం40ఎక్స్ తీసుకోగా మిగిలిన డబ్బుతో ఒక జత అదనపు ప్యాడ్లు, పాడేవారి కోసం చవకైన మరో క్లోజ్డ్ బ్యాక్, రెండింటికీ సాకెట్ చీల్చే స్ప్లిటర్ కొనండి. ఎదుటివారు ఏం వింటున్నారో మీకూ వినిపిస్తుంది. మీ ఇంటర్‌ఫేస్ పేరు రాస్తే దాని సాకెట్ సంగతి చూసి చెబుతాను.